కణములోని మగ్గములు



కొన్ని సంవత్సరముల క్రిందట మా మేనత్తకు పెద్దప్రేవులో కాన్సరు పుట్టినది. వైద్యులు శస్త్రచికిత్స చేసి వ్రణమును తొలగించిరి. కంటికి కానరాని బీజము లెక్కడనైన మిగిలియుండునేమో యని, పదునాలుగు దినముల కొక పర్యాయము చొప్పున పండ్రెండు పర్యాయములు రక్తనాళములోనికి మందు నెక్కింపవలెనని నిర్ణయించిరి. మూడు పర్యాయములు ముగియునప్పటికి ఆమె నోరంతయు పూసినది. గంజి మ్రింగుటయే గగనమైనది. నేను చూడబోయినప్పుడు ఆమె మంచముమీద కూర్చుండి నన్నిట్లడిగెను:

“ఒరే అబ్బాయీ, నువ్వు పిల్లలకు పాఠాలు చెప్పేవాడివి గదా! పుండు కడుపులో ఉంటే మందు నోట్లో పుండు పెడుతుందేమిట్రా? అది రోగం మీదికి పోతున్నదా, నా మీదికి వస్తున్నదా?”

నేను వైద్యుడను గాను. కళాశాలలో ముప్పదియేండ్లు జీవశాస్త్రము బోధించినవాడను. అయినను ఆ ప్రశ్నకు నాకు సమాధానము తోచలేదు. “మందు వేడి చేసింది, మజ్జిగ పుచ్చుకో” అని చెప్పి లేచి వచ్చితిని. అయిదవ పర్యాయమునకు ఆమె ఆసుపత్రికి పోలేదు. ఎవరెంత చెప్పినను వినలేదు. ఏడాదిన్నరకు వ్యాధి కాలేయములో కనిపించినది. ఆ మరుసటి సంవత్సరము ఆమె కాలము చేసినది.

చికిత్స పూర్తి చేసికొనియున్నచో ఆమె బ్రతికియుండెడిదని నేను చెప్పజాలను. అట్లు చెప్పగలవా రెవ్వరును లేరు. కాని ఆమె యడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. దానికి సమాధానము గలదు. అది వేడి కాదు, చలువ కాదు. ఆ సమాధానమును నేను ఆలస్యముగా చదివి తెలిసికొంటిని. ఆమెకు చెప్పవలసినదానిని నేడు మీకు మనవి చేయుచున్నాను.

మన శరీరము జీవకణముల సముదాయమని మీరెరుగుదురు. ప్రతి కణమును మాంసకృత్తులతో బ్రతుకుచున్నది. కండరమును ముడిచి విప్పునది మాంసకృత్తు. అన్నమును జీర్ణము చేయు రసములలో పనిచేయునది మాంసకృత్తు. రక్తములో ప్రాణవాయువును మోయునదియు మాంసకృత్తే. ఈ మాంసకృత్తులను తయారుచేయు యంత్రముల పేరు రైబోసోములు.

నేను పుట్టిన యూరిలో ఒక సాలెపేట యుండెడిది. ప్రొద్దు పొడిచినది మొదలు దీపములు పెట్టువరకు ఆ వీధిలో మగ్గముల చప్పుడు వినవచ్చుచుండెడిది. రైబోసోమును తలచుకొన్నపుడెల్ల నాకు ఆ వీధియే జ్ఞప్తికి వచ్చును. పూలంచు నేయు మగ్గముపైన రంధ్రములు పొడిచిన అట్టలు వ్రేలాడుచుండును. ఏ పోగు పైకి లేవవలెనో, ఏ పోగు దిగవలెనో ఆ అట్టలే నిర్ణయించును. మగ్గమునకు పువ్వనియు తెలియదు, హంసయనియు తెలియదు. అట్టలో నున్నట్లు నేయును. కణములోను ఇట్లే జరుగుచున్నది. కేంద్రకములో భద్రముగా నున్న డి. ఎన్. ఏ. గ్రంథమునుండి కావలసిన పుటకు ఒక నకలు వ్రాయబడి వెలుపలికి వచ్చును. దానిని వార్తాహర ఆర్. ఎన్. ఏ. అందురు. అదియే మన అట్ట. రైబోసోము ఆ నకలును మూడేసి యక్షరముల చొప్పున చదివి, ఒక్కొక్క మూటకు ఒక్కొక్క అమైనో ఆమ్లమును వరుసగా అతుకుచు పోవును. మన కణములలో నొక రైబోసోము సెకనునకు సుమారు 5 లేక 6 అమైనో ఆమ్లములను అతుకగలదు.

ఈ మగ్గ మెంత చిన్నది? ఒక మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో, అట్టి భాగములు సుమారు 30 దీని వెడల్పు. మామూలు సూక్ష్మదర్శినికి ఇది అందదు. 1955వ సంవత్సరమున జార్జి పలాడే అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో కణములను పరీక్షించి, ఈ చిన్న రేణువులను వర్ణించెను. రైబోసోమను పేరు 1958లో వచ్చినది. 1974లో పలాడేకు నోబెలు బహుమానము లభించెను. రైబోసోము నిర్మాణమును అణువణువుగా తెలిసికొన్నందుకు 2009లో రసాయనశాస్త్రమున మరి ముగ్గురికి నోబెలు బహుమానము లభించినది. వారు ఆడా యోనత్, థామస్ స్టైట్స్, వెంకట్రామన్ రామకృష్ణన్. ఈ రామకృష్ణన్ గారు 1952లో చిదంబరమున జన్మించినవారు.

మగ్గమునకు రెండు భాగములున్నవి. చిన్నభాగము అట్టను చదువును; పెద్దభాగము ఆమ్లములను అతుకును. ఈ రెండింటిలోను గూడి నాలుగు ఆర్. ఎన్. ఏ. దారములును, సుమారు 80 మాంసకృత్తులును అమరియున్నవి. అనగా మాంసకృత్తులను నేయు మగ్గములోని కొయ్యలలో చాలవరకు మాంసకృత్తులే! వానిని గూడ పూర్వమున్న మగ్గములే నేసి యీయవలెను.

ఇన్ని కొయ్యలను అమర్చి మగ్గమును నిలబెట్టు వడ్రంగిశాల యొకటి కణములో నున్నది. కేంద్రకము నడుమ నల్లని చుక్కవలె కనబడు కేంద్రకాంశమే ఆ శాల. మన క్రోమోజోములలో 13, 14, 15, 21, 22 సంఖ్యలు గలవానిపై రైబోసోముల ఆర్. ఎన్. ఏ.కు మూలమైన జన్యువులు బారులు తీరియున్నవి. అవి ఈ శాలలో గుమిగూడును. అక్కడ దారము పుట్టును, కత్తిరింపబడును, మాంసకృత్తులు వెలుపలినుండి వచ్చి దానికి అమరును. మగ్గములో భాగము గాకుండ, ఈ కూర్పునకు తోడ్పడి తప్పుకొను సహాయకుల సంఖ్యయే రెండువందలకు మించినది.

ఈ శాలలో పని యెంత ముమ్మరముగా సాగునో తెలియుటకు ఒక లెక్క చెప్పెదను. 1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అను నామె గర్భాశయముఖమున పుట్టిన కాన్సరునుండి తీసిన కణములు నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. వానిని హీలా కణములందురు. పెరుగుచున్న యొక హీలా కణము నిమిషమునకు రమారమి 7,500 రైబోసోము భాగములను తయారుచేయవలెనని శాస్త్రజ్ఞులు గణించిరి. ఒక్క కణములో, ఒక్క నిమిషములో! కణము తన సంపాదనలో నెంత పెద్దభాగమును ఈ పనికే వెచ్చించుచున్నదో మీరే యూహింపుడు.

ఇక కాన్సరు సంగతి. కాన్సరనగా కణము హద్దు మీరి పెరుగుట. సాధారణముగా మన కణము చుట్టుప్రక్కల యవసరమును గ్రహించి, పెరుగుమన్నపుడు పెరిగి, ఆగుమన్నపుడు ఆగును. కాన్సరు కణమునకు ఆ కట్టుబాటు లేదు. ఒక కణము రెండుగా చీలవలెనన్నచో ముందుగా తన సరకునంతయు రెండింతలు చేసికొనవలెను. సరకు రెండింతలు కావలెనన్నచో మగ్గములు పెరుగవలెను. కావున హద్దు మీరిన పెరుగుదల కోరునది మొట్టమొదట మగ్గములనే.

ఈ మర్మము యొక్క గురుతు నూరేండ్లకు పూర్వమే వైద్యుల కంటబడినది. 1896లో ఇటలీ దేశపు వైద్యుడు జుసెప్పె పియనీసె కాన్సరు కణములలో కేంద్రకాంశము పెద్దదై, వికారముగా నుండునని వ్రాసెను. అప్పటికి రైబోసోమను మాటయే లేదు. ఆ చుక్క దేనికున్నదో ఎవ్వరికిని తెలియదు. అయినను వ్యాధినిర్ణయము చేయు వైద్యులు దానిని గమనించుచునే వచ్చిరి. పురుషులకు వచ్చు ప్రోస్టేటు గ్రంథి కాన్సరును గుర్తించునపుడు నేటికిని స్పష్టముగా ఉబ్బిన కేంద్రకాంశములకై వెదకుదురు. నేనును నా విద్యార్థులకు గాజుపలకపై ఆ నల్లని చుక్కలను చూపి, “ఇది కాన్సరు గురుతు” అని చెప్పితిని. అంతకు మించి చెప్పలేదు. గురుతునకును కారణమునకును గల భేదమును నేను ఆలోచింపలేదు.

ఆ చుక్క కేవలము గురుతేనా? లేక వ్యాధి నడకలో దానికి పాత్ర యున్నదా? పొగ కనిపించినచోట నిప్పున్నదని యెరుగుదుము. కాని పొగను విసరినంతమాత్రమున నిప్పారదు గదా! మగ్గములను తగ్గించినచో కాన్సరు తగ్గునా? దీనికి ప్రయోగమే సమాధానము చెప్పవలెను.

మిక్ అను జన్యువొకటి గలదు. మగ్గముల శాలకు మేస్త్రి వంటి దిది. పెరుగుదల కావలసినపుడు ఇది రైబోసోముల నిర్మాణమునకు సంబంధించిన అనేక జన్యువులను ఒక్కమారుగా మేలుకొలుపును. అనేక కాన్సరులలో ఈ మేస్త్రి అదుపు తప్పి, రేయింబవళ్లు శాలను నడిపించును. మిక్ అదుపు తప్పినట్లు కల్పింపబడిన యెలుకలకు రసగ్రంథుల కాన్సరు వచ్చును. 2008లో అమెరికాలో మరియా బార్నా, దవీదె రుగ్గెరో మొదలగువారు ఈ యెలుకలను మరియొక జాతి యెలుకలతో సంకరము చేసిరి. ఆ రెండవ జాతిలో ఎల్-24 అను రైబోసోము మాంసకృత్తునకు గల రెండు జన్యువులలో ఒకటి లోపించినది. వాని సంతానములో మేస్త్రి వెనుకటివలెనే తొందరపెట్టుచున్నాడు. కాని కొయ్య చాలక మాంసకృత్తుల నేత సామాన్యస్థితికి దిగినది. కాన్సరు పుట్టుట చాలవరకు వెనుకబడినది. అనగా ఆ యెలుకలలో మగ్గముల అతిశయము కేవలము పొగ కాదు. నిప్పులో కట్టె కూడ అదియే.

సృష్టిలో నిట్టి దుందుడుకునకు కాపలా లేకపోలేదు. పి-53 అను మాంసకృత్తు మన కణములకు తలారి వంటిది. 1979లో దీనిని కనుగొనిరి. కణమునకు చెరుపు కలిగినపుడు ఇది మేలుకొని, చీలికను ఆపును; చెరుపు మితిమీరినచో ఆ కణమునే చంపివేయును. మామూలు దినములలో ఈ తలారికి పని లేదు. అందుచేత ఎమ్. డి. ఎమ్. 2 అను మరియొక మాంసకృత్తు ఎప్పటికప్పుడు వానిని పట్టి నశింపజేయుచుండును.

ఇపుడొక చమత్కారము వినుడు. వడ్రంగిశాలలో పని చెడినదనుకొందము. దారము తయారుకాలేదు, కొయ్యలుమాత్రము వచ్చి పడినవి. వానిలో ఎల్-5, ఎల్-11 అను రెండు మాంసకృత్తులు, 5ఎస్ అను చిన్న ఆర్. ఎన్. ఏ. దారముతో జతగూడి, అమరుటకు చోటు లేక ఊరకయుండును. ఆ జత పోయి ఎమ్. డి. ఎమ్. 2 చేతులను పట్టుకొనును. అంతట తలారి బంధము వీడి లేచి, కణము పెరుగుదలను ఆపివేయును. శాల చెడినదను వార్త తలారికి చేరు మార్గ మిది. మిగిలిపోయిన కొయ్యయే దూతయైనది! ఇంత పొదుపైన యేర్పాటు మరియొకటి నేను నా జీవితకాలపు బోధనలో ఎరుగను.

ఇంతవరకు వినినవారు, “అట్లయిన మగ్గములెంత తక్కువయైన నంత మేలు గదా” అని తలపవచ్చును. అది సరి కాదు. ఈ విషయమున ప్రకృతి మనల నొక చిక్కుముడిలో పడవేసినది.

కొందరు పసిబిడ్డలకు పుట్టిన యేడాదిలోపుననే రక్తము విరిగిపోవును. మూలుగలో ఎర్రకణములు తయారుకావు. 1938లో డైమండ్, బ్లాక్‌ఫాన్ అను వైద్యులు వర్ణించినందున ఈ వ్యాధికి వారి పేర్లు వచ్చినవి. దీని కారణము అరువది యేండ్లవరకు తెలియలేదు. 1999లో ఈ రోగులు కొందరిలో ఎస్-19 అను రైబోసోము మాంసకృత్తు జన్యువు చెడియున్నదని తేలెను. తరువాత ఇతర రైబోసోము మాంసకృత్తులలోను ఇట్టి లోపములు కనబడినవి. మగ్గములు చాలని బిడ్డలు వీరు. వీరికి కాన్సరు రాకూడదు గదా! కాని ఇతరులకంటె వీరికే కొన్నివిధములైన కాన్సరులు వచ్చు నవకాశ మెక్కువ.

2004లో అమెరికాలోని మసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జీబ్రాచేపలతో జరిగిన పరిశోధన ఈ సంగతినే మరియొకరీతిగా బయటపెట్టినది. జన్యువులు చెడిన వందలకొలది చేపల వంశములను పరీక్షింపగా, కాన్సరు హెచ్చుగా వచ్చు వంశములు 12 దొరకినవి. ఆ 12లో 11 వంశములయందు చెడినది ఏదో యొక రైబోసోము మాంసకృత్తు జన్యువే. తరువాత 2008లో తేలినదేమనగా, ఆ చేపల కాన్సరు కణములలో పి-53 మాంసకృత్తు తయారగుటయే లేదు. మగ్గములు చెడినచో తలారికి కట్టుబట్టయు నేయబడదు. తలారి లేని యూరు దొంగల పాలు.

మనుష్యులలోను ఇట్టి దృష్టాంతములున్నవి. కొందరు పెద్దలలో అయిదవ క్రోమోజోమునందలి యొక ముక్క జారిపోవుటచే రక్తహీనత కలుగును. వారిలో కొందరికి క్రమముగా అది రక్తకాన్సరుగా మారును. ఆ జారిన ముక్కలో ఎస్-14 అను రైబోసోము మాంసకృత్తు జన్యువున్నదనియు, రక్తహీనతకు దాని లోపమే ముఖ్యకారణమనియు 2008లో కనుగొనిరి. పిల్లలకు వచ్చు ఒకవిధమైన తెల్లకణముల కాన్సరులో, ఎల్-10 అను మాంసకృత్తునందు ఒకే చోట, ఒకే అమైనో ఆమ్లము మారిపోయియుండుటను 2013లో గమనించిరి.

ఈ వైరుద్ధ్యమునకు సమాధాన మేమి? శాస్త్రజ్ఞులు రెండు మార్గములు చెప్పుచున్నారు. మొదటిది: మగ్గము చెడిన కణములు సరిగా పెరుగలేవు. తలారి వానిని అణచియుంచును. అట్టి పేదకణముల గుంపులో ఏదైన నొకటి మరియొక మార్పుచే తలారిని తప్పించుకొన్నచో, అది తోటివారినందరిని మించి వ్యాపించును. కరవులో పెరిగినవాడు దొంగతనము మరగినట్లన్నమాట. రెండవది: మగ్గము మారినపుడు నేత తగ్గుటయే గాక, నేతలోని పాళ్లు మారును. కొన్ని అట్టలు ముందుకు వచ్చును, కొన్ని వెనుకబడును. పెరుగుదలకు తోడ్పడు మాంసకృత్తులు ఎక్కువగా నేయబడును. ఈ రెండును ఒక్కొక్క వ్యాధిలో ఒక్కొక్క పాళున పనిచేయుచుండవచ్చును. కావున ఆరోగ్యమునకు కావలసినది మగ్గములు ఎక్కువగా నుండుట గాదు, తక్కువగా నుండుట గాదు. తగినన్ని, తగినరీతిగా నుండుట.

ఇక మందులకు వచ్చెదను. మా మేనత్త ప్రశ్నకు సమాధాన మిచ్చటనే యున్నది.

1950 ప్రాంతములలో అమెరికాలో కొందరు పరిశోధకులు ఎలుకల కాలేయములో పుట్టిన కాన్సరు యురాసిల్ అను పదార్థమును ఆరోగ్యకాలేయముకంటె నెక్కువగా గ్రహించుచున్నదని గమనించిరి. యురాసిల్ ఆర్. ఎన్. ఏ. యక్షరములలో నొకటి. ఆకలిగొన్నవాని కంచములో నకిలీ మెతుకు పెట్టినట్లు, చార్లెస్ హైడెల్‌బర్గర్ అను శాస్త్రజ్ఞుడు యురాసిల్‌కు ఫ్లోరీను పరమాణువు నొకటి తగిలించి, 1957లో 5-ఫ్లోరోయురాసిల్ అను మందును ప్రకటించెను. అది డి. ఎన్. ఏ. తయారీని ఆటంకపరచును. అంతియేగాక ఆర్. ఎన్. ఏ.లో తాను దూరి, రైబోసోము దారము సరిగా కత్తిరింపబడకుండ జేయును. అరువదియేండ్లు దాటినను పెద్దప్రేవుల కాన్సరునకు ఇది ప్రధానమైన మందుగానే యున్నది. మా మేనత్తకు ఇచ్చినదియు నిదియే.

దానితో జోడించి యిచ్చు మరియొక మందు ఆక్సాలిప్లాటిన్. ప్లాటినము గల మందులన్నియు డి. ఎన్. ఏ.ను గాయపరచి కణమును చంపునని చాలకాలము తలచిరి. ఆక్సాలిప్లాటిన్ కణమును చంపుటకు ముఖ్యకారణము అది కాదనియు, రైబోసోముల నిర్మాణమును చెరచుటయే యనియు 2017లో ప్రకటితమైన పరిశోధన చూపినది. మూడవది ఫోలినిక్ ఆమ్లము. ఇది మొదటి మందునకు బలము నిచ్చును. ఫోలిక్ ఆమ్లమునకు ఇది దగ్గరి చుట్టము. ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో కూర్చిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ఆ యామ్లమునకు విరోధులైన మందులను గూడ వారి బృందమే తయారుచేసెను. వానిలో నొకదానితో 1948లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు పిల్లల రక్తకాన్సరును తాత్కాలికముగా నైనను లొంగదీసెను. సుబ్బారావుగారు ఆ సంవత్సరమే పరమపదించిరి. ఆ జాతిలోని మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. అదియు రైబోసోము ఆర్. ఎన్. ఏ. పుట్టుకను ఆపునని 2010లో చూపిరి. ఇట్లు, మనము మగ్గమును గురించి యెరుగకమునుపే, మగ్గముపై దెబ్బ తీయు మందులను వాడుచుంటిమి.

తెలిసి తీయు దెబ్బకై నేడు ప్రయత్నములు సాగుచున్నవి. రైబోసోము దారమును వడకు యంత్రమునే ఆపవలెనని సి. ఎక్స్. 5461 అను పదార్థమును నిర్మించి, ఆస్ట్రేలియాలో రక్తకాన్సరు రోగులపై మొదటిసారి పరీక్షించిరి. ఆ ఫలితములు 2019లో ప్రకటితములైనవి. అది డి. ఎన్. ఏ.ను గూడ గాయపరచునని తేలినది. కావున దాని పని యనుకొన్నంత సూటియైనది గాదు. ఒకజాతి చెట్టునుండి లభించు హోమోహారింగ్టోనిన్ అను పదార్థము రైబోసోములోనే కూర్చుండి నేతను ఆపును. 2012లో అమెరికాలో ఒకవిధమైన రక్తకాన్సరునకు దీనిని అనుమతించిరి. ఇవి ఆశ గొలుపు మార్గములేగాని, సంజీవని గాదు. కాన్సరు ఒక వ్యాధి కాదు, వ్యాధుల సమూహము. రైబోసోమొక్కటే దానికి మూలమని చెప్పువానిని మీరు నమ్మవలదు.

ఇక నోటిపూత. మన శరీరములో నిత్యము చీలి పెరుగుచుండు కణములు కొన్ని గలవు. నోటిలోని పలుచని పొర, ప్రేవుల లోపలి పొర, ఎముకలలోని మూలుగ, వెండ్రుకల కుదుళ్లు — ఇవి అరిగినకొలది క్రొత్తవి పుట్టవలెను. ఇవియు రేయింబవళ్లు మగ్గములను నిర్మించుకొనుచు, తమ డి. ఎన్. ఏ.ను రెండింతలు చేసికొనుచున్నవి. మందునకు కండ్లు లేవు. సాలెపేట యెక్కడ నుండిన నక్కడనే అది పోవును. అందుచేత కాన్సరునకు తగిలిన దెబ్బ నోటికిని తగులును, విరేచనములగును, రక్తము తగ్గును, కొన్ని మందులకు వెండ్రుకలు రాలును. అత్తా, అది రోగము మీదికే పోవుచున్నది. దారిలో నీకును తగులుచున్నది. ఇదియే నేను చెప్పవలసిన సమాధానము.

దీనిలో ధైర్యము చెప్పుమాట యొకటి యున్నది. నోటిపొరకు తలారి యున్నాడు, కట్టుబాటున్నది. మందు నడుమ విరామములో నది తిరిగి పెరుగును. పర్యాయమునకు పర్యాయమునకు నడుమ వైద్యులు వ్యవధి నిచ్చుట యిందుకే. నోటిపూత వ్యాధి ప్రాకినదనుటకు గురుతు గాదు. అయితే దానిని ఓర్చుకొని యూరకుండుటయు తగదు. కొందరి శరీరములలో ఫ్లోరోయురాసిల్‌ను విరిచివేయు మాంసకృత్తు పుట్టుకతోనే కొరతగా నుండును. వారికి మామూలు మోతాదే ప్రమాదకరము కావచ్చును. కావున నోరు పూసినను, విరేచనములైనను, జ్వరము వచ్చినను వెంటనే వైద్యునితో చెప్పవలెను. మోతాదు తగ్గించుటకు, పర్యాయమును కొంత వెనుకకు జరుపుటకు, మందు మార్చుటకు వారికి మార్గములున్నవి. చెప్పక మానివేయుటయే అన్నిటికంటె నష్టకరము.

రోగియొద్దకు పోవు బంధువులకు నాదొక విన్నపము. పండ్లు తీసికొనిపోవుదుము, ధైర్యము చెప్పుదుము. కాని రోగి యడిగిన ప్రశ్నను మాత్రము మజ్జిగతో సరిపెట్టి వచ్చెదము. తెలియనిచో తెలియదని చెప్పి, తెలిసినవారి నడిగి మరల పోయి చెప్పవలెను. రోగి తన శరీరములో జరుగుచున్నదేమో తెలిసికొన్నచో, బాధ తగ్గకపోవచ్చును. కాని ఆ బాధకు అర్థమున్నదని తెలియును. అర్థమున్న బాధను మనుష్యుడు కొంత మేరకు మోయగలడు.

మా యూరి సాలెపేటలో ఇపుడు మగ్గముల చప్పుడు లేదు. కాని మీరీ నాలుగు మాటలు వినునంతలో మీ శరీరములలో లెక్కకు మించిన మగ్గములు నిలిచినవి. లెక్కకు మించిన బట్ట నేయబడినది. ఆ నేత హద్దులో నున్నంతకాలము దానినే ఆరోగ్యమందుము. హద్దు దాటినపుడు దానిని గుర్తించుటకు నూరేండ్ల క్రిందట నొక నల్లని చుక్క దొరకినది. దానిని హద్దులోనికి త్రిప్పుటకు నేడు కొన్ని మందులున్నవి, రేపు మరికొన్ని రావచ్చును. అంతవరకు, మొదలుపెట్టిన చికిత్సను అడిగి, తెలిసికొని, వైద్యుని సలహాతో కడవరకు సాగించుట మన చేతిలోని పని.

సెలవు.